చలిలో ఆరుబయట పడుకోవడానికి క్యాంపింగ్ క్విల్ట్ ఎంచుకోవడం ఎలా?

వీపు భాగం కోసేసిన స్లీపింగ్ బ్యాగ్‌ని ఊహించుకోండి, క్విల్ట్ అంటే దాదాపు అదే. పాదాల దగ్గర సంచిలా ఉంటుంది, మిగతాది దుప్పటిలా కప్పుకుంటాం. మనల్ని వెచ్చగా ఉంచేది లోపలి నూగు మధ్య నిలిచిన గాలి. వీపు కింద నూగు మన బరువుకి అణిగిపోతుంది కాబట్టి అక్కడ ఉన్నా లేనట్టే. అందుకే తీసేశారు. మరి వీపుని ఎవరు కాపాడాలి?

1. ముందు ప్యాడ్, అంటే కింద పరుచుకునే పరుపు సంగతి తేల్చుకోండి. చాలామంది క్విల్ట్ మీద బోలెడు ఖర్చు పెట్టి, కింద ఏదో ఒకటి పరిచేస్తారు. తెల్లవార్లూ వణికి, తప్పంతా క్విల్ట్ మీదకి నెట్టేస్తారు. ప్యాడ్ నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్-వాల్యూ. మామూలు ఫోమ్ ప్యాడ్‌కి ఇది 2 దగ్గర ఉంటుంది. రాత్రి సున్నా డిగ్రీలకి పడిపోయే చోట నేనైతే 4కి తగ్గను, మంచు మీదైతే 5 దాటాల్సిందే. ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి: 2, 3 కలిపి 5.

2. చలి ఎంతో లెక్కేయండి. ఫోన్‌లో కనిపించేది దగ్గర్లోని ఊరి ఉష్ణోగ్రత. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో 8 డిగ్రీలుంటే, అక్కడికి 1500 మీటర్ల పైన సుమారు మైనస్ 2. అలాగని పల్లంలో టెంట్ వేస్తే వెచ్చగా ఉంటుందనుకోకండి, రాత్రిళ్లు చల్లగాలి జారి అక్కడే చేరుతుంది.

3. లేబుల్ మీది అంకెని అలాగే నమ్మేయకండి. స్లీపింగ్ బ్యాగ్‌లకి ఐఎస్ఓ 23537 అనే పరీక్ష ఉంది, అందులో ‘కంఫర్ట్’ (హాయిగా నిద్రపట్టే చలి), ‘లిమిట్’ (ముడుచుకుని ఎలాగో నిద్రపోగలిగే చలి) అని వేర్వేరు అంకెలుంటాయి. క్విల్ట్ మీది అంకె మాత్రం చాలావరకు కంపెనీ సొంత అంచనా. అది కంఫర్టా, లిమిటా అని అడగండి. చెప్పకపోతే లిమిట్ అనే అనుకుని, మీ లెక్కకన్నా 5 డిగ్రీలు ఎక్కువ చలి తట్టుకునేది తీసుకోండి.

4. లోపల ఏముందో చూడండి. డౌన్, అంటే బాతు నూగు, తేలిక. చిన్నగా మడతపడుతుంది. తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది. సింథటిక్ బరువే కానీ తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది. డౌన్‌లో ‘900 ఫిల్ పవర్’ అని గొప్పగా రాస్తారు. అది నూగు ఎంత పొంగుతుందన్న సంగతే, ఎంత నింపారన్నది వేరు. 900 నూగు 300 గ్రాములున్న క్విల్ట్ కన్నా 700 నూగు 400 గ్రాములున్నది కాస్త ఎక్కువే పొంగుతుంది. ఫిల్ వెయిట్, అంటే నింపిన నూగు బరువు రాయని కంపెనీ జోలికి నేను వెళ్లను.

5. పడుకుని చూడండి. నా మొదటి క్విల్ట్ అంకెల్లో భేషుగ్గా ఉండేది. తెల్లవారుజామున పక్కకి ఒత్తిగిల్లానో లేదో, నడుం దగ్గర అంచు లేచి చల్లగాలి సర్రున దూరింది. లాగి సర్దుకుంటే మోకాళ్ల దగ్గర లేచింది. తెల్లారేదాకా అదే పని. వెడల్పు చాలలేదంతే. ఇప్పుడైతే ప్యాడ్ మీద పడుకుని, మోకాళ్లు ముడిచి, రెండు వైపులా దొర్లి చూస్తాను. రెండంచులూ ప్యాడ్‌ని తాకుతూనే ఉండాలి. పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే ఒక సైజు వెడల్పుది తీసుకోండి. ప్యాడ్‌కి కట్టే స్ట్రాప్‌లు, మెడ దగ్గర బిగించే తాడు తప్పనిసరి. గడ్డకట్టే చలికి పాదాల భాగం కుట్టేసి ఉన్నదే మేలు, జిప్‌ది అయితే సందుల్లోంచి గాలి వస్తుంది.

6. తలకి వేరే ఏర్పాటు. క్విల్ట్‌కి హుడ్ ఉండదు, ఉన్ని టోపీ పెట్టుకోవాలి. ముక్కు చల్లబడిందని తల లోపలికి దూర్చకండి, ఊపిరి తేమకి నూగు తడుస్తుంది. ముక్కు మీదకి మఫ్లర్ లాక్కోండి చాలు.