పదకొండు గోళీలతో షట్కోణ స్ఫటికం

పరమాణువులు గోళీల్లా దగ్గరదగ్గరగా పేర్చుకున్న షట్కోణ స్ఫటికంలో, ఒక పొర నుంచి ఒకటి విడిచి పై పొరకు ఉన్న ఎత్తును పక్కపక్క పరమాణువుల దూరంతో భాగిస్తే 1.633 వస్తుంది. ఆ సంఖ్యను పిల్లలు బట్టీ పట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. చేత్తో కొలిచి రాబట్టగల సంఖ్య అది. అందుకే నా తరగతిలో ముందు గోళీలు, తర్వాతే సుద్దముక్క.

16 మిల్లీమీటర్ల గాజు గోళీలు పదకొండు తీసుకోండి. అన్నీ ఒకే సైజువి కావాలి. బల్ల మీద ఒకటి ఉంచి, చుట్టూ ఆరు చేర్చండి. ఏడో దానికి చోటుండదు. జారిపోకుండా చుట్టూ బంకమట్టి కట్ట వేయండి. మధ్య గోళీ చుట్టూ ఆరు గుంటలు కనిపిస్తాయి. ఒక గుంటలో గోళీ పెట్టగానే దానికి అటూ ఇటూ ఉన్న గుంటలు మూసుకుపోతాయి. కాబట్టి ఒకటి విడిచి ఒకటిగా మూడే పడతాయి. చివరి గోళీని ఆ మూడింటి నడుమ ఉంచండి. అది అడుగున ఉన్న మధ్య గోళీకి సరిగ్గా నెత్తిన కూర్చుంటుంది.

ఇప్పుడు స్కేలు నిలబెట్టి బల్ల నుంచి పై గోళీ కొస దాకా కొలవండి. దాదాపు 42 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక వ్యాసం, అంటే 16 తీసేస్తే 26. ఇది రెండు కేంద్రాల మధ్య ఎత్తు, పుస్తకాల్లోని సి. పక్కపక్క గోళీల కేంద్రాల దూరం 16, అది ఏ. 26ను 16తో భాగించి చూడండి.

లెక్క కూడా తేలికే. ఒకదానికొకటి ఆనుకున్న మూడు గోళీల కేంద్రాలను కలిపితే వచ్చే సమబాహు త్రిభుజంలో మధ్య బిందువు నుంచి శీర్షానికి దూరం ఏ బై రూట్ 3. పైథాగరస్ సూత్రంతో ఒక పొర ఎత్తు 0.816 ఏ, రెండు పొరలకు 1.633 ఏ.

ఇదే తీరులో పరమాణువులు పేర్చుకున్న నిజమైన లోహాలు ఈ సంఖ్యకు కట్టుబడి ఉండవు. నాకు అసలు ఆసక్తి ఇక్కడే. మెగ్నీషియం దగ్గరగా వస్తుంది: 1.62. టైటానియం కాస్త అణిగి 1.59. జింక్ మాత్రం నిలువునా సాగి 1.86 దగ్గర ఆగుతుంది. జింక్‌లో ఏ 2.66, సి 4.95 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). సిలో సగాన్ని వర్గం చేసి, ఏ వర్గంలో మూడో వంతు కలిపి, వర్గమూలం తీయండి: 2.91. అంటే ప్రతి పరమాణువుకూ తన పొరలోని ఆరుగురు పొరుగువారు 2.66 దూరంలో, పైనా కిందా ముగ్గురేసి 2.91 దూరంలో ఉంటారు. పొరల మధ్య పట్టు సడలడం వల్లే జింక్ ఏక స్ఫటికం, అంటే ముక్క మొత్తం ఒకే అమరికతో ఉన్నది, పొరల వెంట చీలుతుంది.

కాడ్మియం మీరే చేయండి: ఏ 2.98, సి 5.62. పైనా కిందా ఉన్న పొరుగువారి దూరం 3.29 రావాలి.