చిన్న వస్తువుల ఫొటోలు: అమ్మకానికి పెట్టే ముందు కిటికీ దగ్గర చేయవలసిన పని

దుకాణంలో చిన్న వస్తువు కొనేవారు ముందు దాన్ని చేతిలోకి తీసుకుంటారు. అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, అంచు మీద వేలు పోనిచ్చి, అడుగున ఏ ముద్ర ఉందో వెలుతురులోకి ఎత్తి చూసి, ఆ తరువాతనే ధర అడుగుతారు. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఆ వీలు లేదు గనుక, ఆ వేళ్లు వెతికే సమాచారమంతా ఫొటోలే ఇవ్వాలి. ఉంగరాన్నో, చేతిగడియారాన్నో, పాత నాణేన్నో, పింగాణీ బొమ్మనో అమ్మకానికి పెట్టాలనుకునేవారు ఈ సంగతి మనసులో ఉంచుకుంటే ఏ ఫొటో కావాలో, ఏది అక్కరలేదో వారికే తెలిసిపోతుంది. అందంగా కనిపించడం ఆ తరువాతి మాట.

కెమెరా గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. ఈమధ్య కాలపు ఫోను ఏదైనా ఈ పనికి చాలు. ముందు చూడవలసింది వెలుతురు. ఇంట్లో ఉన్న దీపాలన్నిటిలోకీ మంచిది కిటికీయే. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసుకుని, వెలుతురు వస్తువు మీద పక్కనుంచి పడేలా అమర్చుకోవాలి. కిటికీ వస్తువు వెనక ఉంటే ముందు భాగం చీకటిగా మిగులుతుంది, మన వెనక ఉంటే మన నీడే దాని మీద పడుతుంది. కాంతి వచ్చే చోటు వస్తువుతో పోలిస్తే ఎంత పెద్దదైతే నీడల అంచులు అంత మెత్తబడతాయి. అందుకే ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా పనిచేసే మబ్బు రోజున తీసిన ఫొటోలు మండుటెండలో తీసినవాటికంటే బాగుంటాయి. ఎండ తప్పనప్పుడు కిటికీకి పలచని తెల్ల పరదా గానీ ట్రేసింగ్ పేపరు గానీ అడ్డం కట్టాలి. వస్తువుకు అవతలి వైపున, జానెడు దూరంలో, తెల్లని అట్టనో థర్మోకోల్ ముక్కనో నిలబెడితే అది వెలుతురును తిరిగి వస్తువు మీదికి పంపి, నీడలో మునిగిన వివరాలను బయటపెడుతుంది. అట్టను దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది; ఒక్కసారి చేత్తో జరుపుతూ చూస్తే ఇక వివరణ అవసరం ఉండదు.

కిటికీ వెలుతురులో తీస్తున్నప్పుడు గదిలోని దీపాలన్నీ ఆర్పేయాలి. పగటి వెలుతురు రంగు ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్ ఉంటే, ఇళ్లలో వాడే పసుపుపచ్చని బల్బుది 2700 దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తే వస్తువు ఒక వైపు నీలంగా, మరో వైపు పసుపుగా కనిపిస్తుంది. వెలుతురు రంగును బట్టి తెలుపును తెలుపుగా చూపే కెమెరా అమరిక, అంటే వైట్ బ్యాలెన్స్, ఏదో ఒకదాన్నే సరిచేయగలదు గనుక, ఆ ఫొటోను తరువాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. నేను ఒకసారి ఊదారంగు రాళ్లు పొదిగిన చెవిపోగులను రాత్రిపూట గది బల్బు కింద ఫొటో తీసి అమ్మకానికి పెట్టాను. ఫొటోలో రాళ్లు ఎర్రద్రాక్ష రంగులో మెరిశాయి, నాకూ ముచ్చటేసింది. కొన్నావిడ వాటిని పగటిపూట విప్పి చూసి, ఇవి వేరే చెవిపోగులని రాసి తిప్పి పంపింది. ఆమె మాటలో తప్పు లేదు.

పగలు వీలుపడనివారు రాత్రే తీయవలసి వస్తే ఒకే రకం దీపాలు రెండు కొనుక్కుని, వాటి రంగుల నాణ్యతను తెలిపే సీఆర్‌ఐ అంకె 90 లేదా అంతకంటే ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. దీపానికీ వస్తువుకూ మధ్య ట్రేసింగ్ పేపరు కట్టాలి గానీ దాన్ని బల్బుకు తగలనివ్వకూడదు. కొన్ని చవక ఎల్‌ఈడీ దీపాల వెలుతురు కంటికి తెలియకుండా మిణుకుమంటుంది. ఫొటోలో అడ్డచారలు కనిపిస్తే కారణం అదేనని గుర్తుపట్టి దీపం మార్చాలి.

వెనకభాగానికి మడతలు లేని పెద్ద తెల్ల చార్టు పేపరు ఒక్కటి చాలు. దాని పై అంచును గోడకో, నిలబెట్టిన పుస్తకాల దొంతరకో అంటించి, కింది భాగాన్ని వంపు తిరిగేలా బల్ల మీదికి జారవిడిస్తే, నేలకూ గోడకూ మధ్య గీత కనిపించకుండా పోతుంది. వంపు దగ్గర నొక్కి మడత పెట్టకూడదు. వస్తువును ఆ వంపుకు వీలైనంత ముందుగా ఉంచితే నీడ వెనక పేపరు మీద పడదు. పూల దుప్పట్లు, చెక్క గీతల బల్లలు చూడటానికి బాగున్నా వస్తువు అంచు ఎక్కడ ముగిసిందో తెలియనివ్వవు. తెల్లని వస్తువుకు మాత్రం తెల్ల పేపరు పనికిరాదు, లేత బూడిదరంగుది వాడాలి.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. తెల్ల పేపరు మీద తీసిన ఫొటోలో పేపరు మురికి బూడిదరంగులో వస్తుంది. ఎదుట ఉన్న దృశ్యం సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందనే అంచనాతో కెమెరా కాంతిని కొలుస్తుంది గనుక, తెలుపు ఎక్కువగా కనిపించినప్పుడు వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలోకి వచ్చే వెలుతురును, మనమే 0.7 నుంచి 1 స్టాప్ వరకు పెంచాలి. ఫోనులో వస్తువు మీద వేలితో తట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరిపితే అదే పని జరుగుతుంది. నల్లని నేపథ్యం మీద నల్లని వస్తువుకు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, కొంచెం కిందికి జరపాలి.

తీసే ముందు వస్తువునూ, ఫోను లెన్సునూ మెత్తని పొడిబట్టతో తుడవాలి. కంటికి ఆనని నూగు, వేలిముద్ర దగ్గరగా తీసిన ఫొటోలో భూతద్దంలో పెట్టినట్టు కనిపిస్తాయి. పాత నాణేలను మాత్రం తోమకూడదు. సేకరించేవారు ఏళ్ల తరబడి పట్టిన ఆ సహజమైన పొరకే విలువ ఇస్తారు, తళతళలాడేలా రుద్దిన నాణెం విలువ పడిపోతుంది.

ఫోనును వస్తువుకు మరీ దగ్గరగా తీసుకువెళ్లడం రెండు విధాల నష్టం. ఫోను ప్రధాన లెన్సు విశాలంగా చూసేది కాబట్టి దగ్గరి భాగం ఉబ్బి, దూరపు భాగం కుంచించుకుపోయినట్టు వస్తుంది. గుండ్రని ఉంగరం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. పైగా ఫోను నీడ వస్తువును కమ్మేస్తుంది. కొన్ని ఫోన్లు మరీ దగ్గరికి వెళ్లగానే తమంతట తామే ఇంకా విశాలమైన లెన్సుకు మారి, ఈ వంకరను మరింత పెంచుతాయి. అందుచేత కొంచెం వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టుకోవాలి. విడి కెమెరా ఉన్నవారు లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలో తెలిపే అంకెను ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచి తీస్తే ఉంగరం ముందువైపూ వెనకవైపూ చాలావరకు స్పష్టంగా వస్తాయి. ఎఫ్/16 దాటించితే రంధ్రం మరీ చిన్నదై, కాంతి వివర్తనం (అంచుల దగ్గర చెదరడం) వల్ల మొత్తం ఫొటో కాస్త మెత్తబడుతుంది. కెమెరా కాంతికి ఎంతగా స్పందించాలో తెలిపే ఐఎస్ఓను 100 దగ్గర ఉంచితే మచ్చలు రావు, కానీ షట్టర్ నిదానిస్తుంది, కాబట్టి కెమెరా కదలకూడదు. ట్రైపాడ్ లేకపోతే పుస్తకాల దొంతర చాలు. బటన్ నొక్కినప్పుడు కలిగే కదలికను తప్పించడానికి 2 లేదా 3 సెకన్ల టైమర్ పెట్టాలి.

ఈ పనిలో అసలు కష్టం మెరిసే వస్తువులతోనే. ఉదాహరణకు చేతిగడియారాన్ని తీసుకుందాం. దాన్ని పేపరు మీద పడుకోబెట్టి పైనుంచి ఫొటో తీస్తే అద్దంలో ముళ్లకు బదులు మన ఫోను, దాని వెనక మన గడ్డం కనిపిస్తాయి. అద్దం మీద పడిన కాంతి ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో అవతలికి వెళుతుంది గనుక, కెమెరా స్థానం నుంచి అద్దం ఏ దిక్కును చూపిస్తుందో ఆ దిక్కున నల్లని అట్ట ఉంచితే ప్రతిబింబం మాయమవుతుంది. నల్ల అట్ట మధ్యలో లెన్సు పట్టేంత రంధ్రం చేసి, దాని గుండా తీయడం ఇంకా సులువైన పద్ధతి. గడియారం పట్టీ కింద మడిచిన చిన్న కాగితం పెట్టి తల భాగాన్ని కొద్దిగా ఎత్తితే మిగిలిన మెరుపు కూడా తప్పుకుంటుంది. ముళ్లను 10:10 దగ్గర ఉంచే అలవాటు ప్రకటనల్లో చూస్తుంటాం. 12 కింద ఉండే పేరును అవి కప్పకపోవడం అందుకొక కారణం. చాలా గడియారాల్లో పక్కనున్న కీని బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగి, ఫొటోలన్నిటిలోనూ ఒకే చోట ఉంటుంది. అయితే ఆగిన గడియారాన్ని చూసినవారికి ఇది నడుస్తుందా అన్న అనుమానం రావడం సహజం కాబట్టి, కీ లోపలికి నొక్కి పది సెకన్ల వీడియో ఒకటి తీసి జతచేయడం మంచిది.

వెండి, ఉక్కు వంటి లోహాలకు సొంత రూపం లేదనే చెప్పాలి. చుట్టూ ఉన్నదాన్నే అవి చూపిస్తాయి. గది చిందరవందరగా ఉంటే చెంచా మీద ఆ చిందరవందరే కనిపిస్తుంది. వస్తువు చుట్టూ ట్రేసింగ్ పేపరును గుడారంలా నిలబెట్టి, కెమెరాకు సందు మాత్రం వదిలితే అవన్నీ పోతాయి. కానీ అన్ని వైపులా తెలుపే ఉంటే లోహం ప్లాస్టిక్‌లా చప్పబడిపోతుంది. అప్పుడు రెండు వేళ్ల వెడల్పున్న నల్ల అట్ట ముక్కను గుడారం లోపల ఒక పక్కన నిలబెట్టాలి; లోహం మీద ఒక సన్నని నల్లగీత పరుచుకుని, వంపు ఎక్కడ మొదలైందో చూపిస్తుంది. గాజు సీసాకూ ఇదే చిట్కా పనిచేస్తుంది: వెలుతురు వెనకనుంచి వచ్చేలా చేసి, ఫ్రేములో పడకుండా రెండు పక్కలా నల్ల అట్టలు పెడితే గాజు అంచులు పెన్సిలుతో గీసినట్టు తేలుతాయి. ఉంగరం నిలబడకపోతే వెనకవైపు చిటికెడు మెత్తని మైనం అంటించి నిలబెట్టవచ్చు.

నాణెం మీది అక్షరాలు, చెక్కడపు పని, నేత దారాల తీరు కనిపించాలంటే వెలుతురు దాదాపు బల్ల మట్టంలో, పక్కనుంచి రాసుకుంటూ పోవాలి. ఈ వాలు వెలుతురు గీతలనూ సొట్టలనూ కూడా దయ లేకుండా బయటపెడుతుంది, అవి బయటపడటమే మనకు కావాలి. పింగాణీ బొమ్మ చెవి అంచున నూగింజంత పెచ్చు ఊడి ఉంటే, ఆ చోటును మాత్రమే దగ్గరగా తీసి, పక్కన పెన్సిలు మొన ఉంచి చూపించాలి. పెన్సిలు మొనతో పోల్చుకున్నప్పుడు ఆ లోపం ఎంత చిన్నదో చూసేవారికి తెలిసిపోతుంది. దాచిపెడితే అదే పెచ్చు పెట్టె విప్పినప్పుడు పెద్ద మోసంలా కనిపిస్తుంది. లోపం చూపిస్తే ధర తగ్గుతుందని కొందరు భయపడతారు. తగ్గిన ఆ కొద్ది ధర వాపసుకు అయ్యే ఖర్చుకంటే, తగాదాకంటే తక్కువేనన్నది నా అభిప్రాయం.

పరిమాణం తెలియడానికి ఒక ఫొటోలో సెంటీమీటర్ల స్కేలు పక్కన పెట్టాలి. నాణెం పక్కన పెట్టే పద్ధతి ఉంది గానీ, ఆ నాణెం ఎంత పెద్దదో వేరే దేశంవారికి తెలియదు. చేతిలో పట్టుకుని చూపిద్దామన్నా అందరి చేతులూ ఒకే పరిమాణంలో ఉండవు. స్కేలు వస్తువుతో సమానమైన ఎత్తులో ఉండాలి. కింద బల్ల మీద ఉంటే కొలత తప్పుగా కనిపిస్తుంది.

వస్తువుకు ముందు, వెనక, పక్కలు, అడుగు, ముద్రలు, కొలత, లోపాలు చూపించేలా 6 నుంచి 8 ఫొటోలు సాధారణంగా సరిపోతాయి. దిద్దేటప్పుడు వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం, వెలుతురూ తెలుపూ సరిచేయడం వరకే ఆగాలి. రంగులు గాఢపరిచే ఫిల్టర్లు వద్దు, గీతలు చెరిపేయడం అసలే వద్దు. వెనకభాగాన్ని దానంతట అదే చెరిపే ఆప్‌లు, ఫోనులోని పోర్ట్రెయిట్ మోడ్ సన్నని గొలుసు కడియాలను, చెవిపోగు కొక్కేలను మింగేస్తుంటాయి. వాడితే ప్రతి అంచునూ పెద్దది చేసి చూసుకోవాలి. అమెజాన్ ప్రధాన ఫొటోకు స్వచ్ఛమైన తెలుపు, అంటే ఆర్‌జీబీలో 255, 255, 255 అడుగుతుంది, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలంటుంది. ఈబేలో పొడవైన వైపు కనీసం 500 పిక్సెళ్లు ఉండాలి, 1600 ఉంటే జూమ్ చేసి చూడటానికి బాగుంటుంది. ఏ వేదికకైనా ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో జేపెగ్‌గా భద్రపరిస్తే రంగులు అన్ని తెరల మీదా దాదాపు ఒకేలా వస్తాయి.

పంపే ముందు ఫొటోలోంచి లొకేషన్ సమాచారం తీసేయాలి. ఫోను తీసిన ఫొటోలో మన ఇంటి అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండవచ్చు, అన్ని సైట్లూ వాటిని తమంతట తాము తొలగించవు. మెరిసే వస్తువు మీద ప్రతిబింబంగా పడిన మన ముఖం, వెనక కనిపించే ఉత్తరం మీది చిరునామా కూడా చూసుకోవాలి.

ఆఖరున ప్రధాన ఫొటోను ఫోనులో బొటనవేలి గోరంత చేసి చూడాలి, ఎందుకంటే వెతికేవారికి మొదట కనిపించేది ఆ పరిమాణంలోనే. అప్పుడు వస్తువు ఏమిటో తెలియకపోతే ఇంకా దగ్గరగా కత్తిరించాలి. కత్తిరించని అసలు ఫొటోలను, పెట్టెలో సర్దేముందు తీసిన మరో రెండింటితో కలిపి, వాపసు గడువు ముగిసేదాకా చెరపకుండా ఉంచుకోవాలి. వస్తువు దారిలో దెబ్బతిన్నదా, పంపేముందే అలా ఉందా అన్న ప్రశ్న వస్తే చూపించడానికి మన దగ్గర ఉండేవి అవే.