హైడ్రోఫోన్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి?

హైడ్రోఫోన్ (నీటి లోపలి శబ్దాలను పట్టే మైకు) రీడింగ్ కాస్త తేడాగా రాగానే చాలామంది "సెన్సర్ పోయింది" అని తేల్చేస్తారు. కింద పడేస్తే తప్ప లోపలి పీజో సెరామిక్ (శబ్దపు ఒత్తిడిని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) అంత తేలిగ్గా పోదు. ముందు కేబుల్, కనెక్టర్, నీళ్లలోకి దించిన తీరు చూడండి.

దించగానే రీడింగ్ తక్కువ, కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది

హైడ్రోఫోన్ రబ్బరు తొడుగు మీద గాలి బుడగలు అంటుకున్నాయి. చేతి జిడ్డు ఉంటే నీరు సరిగా అంటదు, బుడగలు నిలిచిపోతాయి. మంచినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడగండి. దించేటప్పుడు నీటి లోపలే వేళ్లతో ఒకసారి రుద్దండి. అసిటోన్, థిన్నర్ జోలికి పోవద్దు, రబ్బరు పాడవుతుంది.

ఒకటే హమ్

స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫ్) 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర గీతలు నిలబడితే అది కరెంటు గోల. పడవలోని ఇన్వర్టర్ ఆపేసి, ల్యాప్‌టాప్‌నూ రికార్డర్‌నూ బ్యాటరీ మీద నడపండి. హమ్ పోతే ఎర్తింగ్ ఒకే చోట ఉండేలా సరిచేసుకోండి. పోకపోతే కేబుల్ షీల్డ్ (బయటి కరెంటు గోలను ఆపే లోహపు అల్లిక) తెగిందేమో చూడాలి.

ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు బాగానే ఉన్నాయి, తక్కువ ఫ్రీక్వెన్సీవి మాయమవుతున్నాయి

అసలు టెన్షన్ పడాల్సింది దీనికే. ఎక్కడో తేమ చేరింది. సెరామిక్ ఒక చిన్న కెపాసిటర్ (చార్జిని నిలవ ఉంచే భాగం) లాంటిది. కేబుల్‌తో కలిపి దాని కెపాసిటెన్స్ 4 నానోఫారడ్లు ఉందనుకోండి. తేమ వల్ల ఇన్సులేషన్ నిరోధం 1 మెగాఓమ్‌కు పడిపోతే దాదాపు 40 హెర్ట్జ్ కింద సిగ్నల్ తగ్గిపోతుంది. అదే 100 మెగాఓమ్‌లు ఉంటే ఆ హద్దు 0.4 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. ఓడ ప్రొపెల్లర్ శబ్దం కొలిచేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

కనెక్టర్ విప్పి వెలుతురులో చూడండి. పిన్నుల మొదట్లో పచ్చటి తుప్పు, తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే దొంగ దొరికినట్టే. డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఓ-రింగ్ (నీరు రాకుండా ఆపే రబ్బరు రింగు) మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీరు దారి చేసుకుంటుంది. సిలికాన్ గ్రీజు మెరుపు వచ్చేంత పల్చగా చాలు. కేబుల్ తొడుగు కోసుకుపోయి ఉంటే టేపు చుట్టి ఊరుకోకండి. తీగల సందుల్లోంచి నీరు కనెక్టర్ దాకా పాకుతుంది.

ఒక హెచ్చరిక: ప్రీ-యాంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్) లోపలే ఉన్న హైడ్రోఫోన్‌కు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టొద్దు. ప్రీ-యాంప్ కాలిపోవచ్చు.

అల వచ్చినప్పుడల్లా ధబ్ ధబ్

పడవ ఊగినప్పుడల్లా హైడ్రోఫోన్ కూడా పైకీ కిందికీ లేస్తోంది. బరువును తాడుకు కట్టండి, కేబుల్‌కు కాదు. పైన సాగే రబ్బరు తాడు వేస్తే ఊపు చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

నూనెలో అప్పడం వేసినట్టు చిటపట

రాళ్లున్న చోట, జెట్టీ స్తంభాల దగ్గర ఇది మామూలే. స్నాపింగ్ ష్రింప్ అనే చిన్న రొయ్యలు డెక్క కొట్టి చేసే చప్పుడది. హైడ్రోఫోన్‌లో లోపమేమీ లేదు, వీలైతే చోటు మార్చండి.

అన్నీ చూసినా రీడింగ్ కుదరడం లేదు

పిస్టన్‌ఫోన్‌తో (తెలిసిన స్థాయిలో శబ్దం పుట్టించే పరికరం) పరీక్షించి, కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లోని సెన్సిటివిటీతో (ఇంత శబ్దానికి ఇంత వోల్టేజీ అనే అంకె) పోల్చండి. 1 డెసిబెల్‌కు మించి తేడా వస్తే కాలిబ్రేషన్‌కు పంపడమే. మన దగ్గర చెన్నైలోని ఎన్‌ఐఓటీలో (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) అకౌస్టిక్ టెస్ట్ ఫెసిలిటీ ఉంది. ప్రీ-యాంప్ లేని రకమైతే, మీరు వాడే పొడిగింపు కేబుల్ కూడా జతచేసి పంపండి. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పెరిగి సెన్సిటివిటీ తగ్గుతుంది కాబట్టి, అది లేకుండా వచ్చిన అంకె మీకు పనికిరాదు.