పాత కారులో వార్నింగ్ లైట్లు వచ్చి పోతుంటే ఏ పార్టూ కొనకముందు చూడాల్సినవి

పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే ఏబీఎస్ (బ్రేకులు వేస్తే చక్రాలు జామ్ అవ్వకుండా చూసేది) లైటు, స్టీరింగ్ లైటు, ఒక్కోసారి చెక్ ఇంజిన్ కూడా వెలుగుతాయి, కాస్త దూరం పోయేసరికి అన్నీ ఆరిపోతాయి, తీరా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్కటీ రాదు. పదేళ్ళు దాటిన కార్లలో ఇది చాలామందికి ఉన్న బాధే. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది ఏటంటే, సంబంధం లేని లైట్లు రెండు మూడు ఒకేసారి వస్తున్నాయంటే అన్ని సెన్సార్లూ ఒకే రోజు పోయాయని కాదు, వాటన్నిటికీ కామన్‌గా ఉన్న సప్లైలోనో ఎర్త్‌లోనో (కరెంట్ తిరిగి బ్యాటరీ మైనస్‌కి వచ్చే దారి) తేడా ఉండే అవకాశమే ఎక్కువ. కాబట్టి ఎవరైనా ముందు ఏబీఎస్ సెన్సార్ మార్చేద్దాం అంటే ఒప్పుకోకండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఎర్ర ఆయిల్ లైటు గానీ టెంపరేచర్ లైటు గానీ వస్తే వైరింగ్ దోషమేలే అనుకుని నడపొద్దు, పక్కకి ఆపి ఇంజిన్ కట్టేసి ఆయిల్, కూలెంట్ చూసుకోండి. నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగినా బెల్ట్ చూడాలి, చాలా కార్లలో వాటర్ పంపుని తిప్పేది కూడా అదే బెల్ట్, అది తెగితే ఇంజిన్ వేడెక్కిపోద్ది.

ఇక పని మొదలు. ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి, లైటు వచ్చిన ప్రతిసారీ ఏం జరుగుతుందో రాయండి: ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, వాన పడిందా, గతుకులో పడ్డాక వచ్చిందా, ఏసీ, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉన్నాయా, స్టీరింగ్ తిప్పితే వచ్చిందా. సగం పని దీంతోనే అయిపోద్ది. గతుకుల్లో వస్తే లూజ్ కాంటాక్ట్, వాన తర్వాత వస్తే నీళ్ళు ఎక్కడికో దిగుతున్నాయి, చల్లని స్టార్ట్‌లోనే వస్తే బ్యాటరీ మీద అనుమానం.

తర్వాత ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి. 20 వోల్ట్ డీసీలో పెట్టి, కారు రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ చూడండి. 12.6 ఉంటే ఫుల్, 12.2 అంటే దాదాపు సగమే ఉంది, 12 కంటే తక్కువైతే ముందు బ్యాటరీని బయట చార్జింగ్ పెట్టించి మళ్ళీ చూడాలి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీటర్ చూస్తూ ఉండండి, 10 కిందకి బాగా పడిపోతుంటే ఆ క్షణంలో కంప్యూటర్లకి కరెంట్ చాలక లైట్లు వేస్తున్నాయని అర్థం. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి కొంచెం రేస్ ఇచ్చినా 13 పైనే నిలబడాలి. 15 దాటితే చార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. అదే మీటర్‌ని ఏసీ వోల్ట్‌లోకి మార్చి బ్యాటరీ మీదే పెట్టి చూడండి, అర వోల్ట్ కంటే ఎక్కువ చూపిస్తే ఆల్టర్నేటర్‌లో, అంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమోలో, డయోడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు, ఇది ఎవరూ చూడరు గానీ వచ్చి పోయే లైట్లకి ఇదీ ఒక కారణమే.

డైనమో చార్జ్ చేస్తుందో లేదో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసే అలవాటు కొందరికి ఇంకా ఉంది. మీ కారు మీద ఎవ్వరినీ అలా చెయ్యనివ్వకండి, వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కాలిపోయే ప్రమాదం ఉంది.

బ్యాటరీ, చార్జింగ్ బాగున్నాయంటే ఎర్త్ దగ్గరికి రండి, పాత కారులో నేనైతే అన్నిటికంటే ఎక్కువ టైం ఇక్కడే పెడతాను. బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు బాడీకి, ఒకటి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్తాది, బోల్ట్ కింద తుప్పు పట్టినా, ఇన్సులేషన్ లోపల రాగి తీగలు చిలుము పట్టి తెగిపోతున్నా పైకి ఏమీ కనపడదు. కళింగపట్నం, బారువ, పూసపాటిరేగ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండే కార్లకి ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా తొందరగా వస్తాది. చాలామంది మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి బీప్ వచ్చింది, వైరు బాగుంది అంటారు, అది సరిపోదు, ఒక్క తీగ మిగిలినా బీప్ వస్తాది కానీ లోడ్ పడితే ఆ ఒక్క తీగ మొయ్యలేదు. అందుకే కరెంట్ పారుతుండగా వోల్టేజ్ డ్రాప్, అంటే ఆ వైరులోనే ఎంత వోల్టేజ్ పోతుందో చూడాలి. ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్ట్ మీదే, అంటే క్లాంప్ మీద కాకుండా, రెండోది ఇంజిన్ మీద రంగు లేని లోహం మీద పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ లాగి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 దాకా పర్లేదు, అర వోల్ట్ దాటితే ఆ ఎర్త్ పాడైంది. బాడీకి కూడా అలాగే, హెడ్‌లైట్లు బ్లోయర్ వేసి చూస్తే 0.1 దాటకూడదు.

దీనికి చవకైన పరీక్ష ఇంకోటి ఉంది. జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి, రోజూ వచ్చే లైట్లు రాకపోతే దొంగ దొరికినట్టే. అప్పుడు బోల్ట్ విప్పి, సాండ్ పేపర్‌తో మెరిసేదాకా గీకి, బిగించి, ఆ తర్వాతే పైన వాజలిన్ రాయండి. వైరు లోపల నల్లబడి ఉంటే గీకడం దండగ, కొత్తది వేయించండి.

ఎర్త్ బాగుంటే కప్లర్లు, అంటే వైర్లని కలిపే ప్లగ్గులు చూడాలి. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి ఒకరు డ్యాష్‌బోర్డ్ లైట్ల వైపు చూస్తుంటే ఇంకొకరు ఫ్యూజ్ బాక్స్, రిలేలు, వైరింగ్ కట్టలు ఒక్కోటీ నెమ్మదిగా కదపండి, ఎక్కడ కదిపితే లైటు వచ్చిందో అక్కడ టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి. వడ్ల బస్తాల పక్కన షెడ్డులో పెట్టే కార్లకి ఎలకలు వైర్లు కొరుకుతాయి, బోనెట్ కింద ఎలక పెంటికలు కనిపిస్తే కట్టంతా విప్పి చూడాల్సిందే. చెట్టు కింద పెట్టే కార్లకి ముందు అద్దం కింద ఆకులు పేరుకుని నీళ్ళు పోయే దారి మూసుకుపోద్ది, ఆ నీళ్ళు లోపలికి దిగుతాయి, కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తి తడి చూడండి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వంశధార పక్కన ఎంత నీరు చూశామో తెలిసిందే, సెకండ్ హ్యాండ్‌లో పాత కారు కొన్నవాళ్ళు సీటు కింద కప్లర్లు విప్పి పచ్చటి చిలుము ఉందేమో కూడా చూసుకోండి.

ఎయిర్‌బ్యాగ్ లైటు వస్తే మాత్రం ఆ పసుపు కప్లర్లలో మీటర్ పెట్టొద్దు, అవి మీరు ముట్టుకోకండి. సీటు జరిపితేనే వస్తుందా, స్టీరింగ్ తిప్పితే వస్తుందా అన్నది చూసి చెప్తే చాలు, మొదటిదైతే సీటు కింద కనెక్షన్, రెండోదైతే స్టీరింగ్‌లోని క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరుగుతున్నా కనెక్షన్ తెగకుండా ఉంచే చుట్టల వైరు) అని తెలిసినవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ చివర్లో పెట్టండి. డ్యాష్‌బోర్డ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటే చవక బ్లూటూత్ స్కానర్ కూడా ఇంజిన్ కోడ్‌లు చదువుద్ది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్‌ల కోడ్‌లు మాత్రం అందులో చాలావరకు రావు, దానికి గ్యారేజీ స్కానరే కావాలి. పీ0562 వస్తే వోల్టేజ్ తక్కువని, యూ అక్షరంతో మొదలైతే కంప్యూటర్ల మధ్య మాటలు తెగుతున్నాయని అర్థం, రెండిట్లోనూ మళ్ళీ పైన చెప్పిన బ్యాటరీ, ఎర్త్, కప్లర్లే చూడాలి. కోడ్ చెరిపేముందు ఫొటో తీసి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో (కోడ్ పడ్డ క్షణంలో కంప్యూటర్ దాచుకున్న లెక్కలు) అప్పటి స్పీడు, టెంపరేచర్ కూడా చూడండి. చెరిపాక ముందుగా ఏ కోడ్ తిరిగొస్తుందో దాన్ని పట్టుకోండి. ఒక్క ఏబీఎస్ కోడే, అదీ ఒకే చక్రానిది పదేపదే వస్తుంటే అప్పుడు ఆ చక్రం సెన్సార్, దాని వైరు విప్పించండి.