స్ప్రాకెట్ మారిస్తే ఆర్‌సీలో రాయించాలా? ఒడిశా సరిహద్దు బండ్లకి దరఖాస్తు విధానం

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వైపు బైకు మీద సరుకుతో తిరిగే మనవాళ్ళు ముందు స్ప్రాకెట్‌కి (చైను తిప్పే పళ్ళ చక్రానికి) ఒక పన్ను తగ్గించి వేయిస్తుంటారు. 14 పళ్ళది తీసి 13 పళ్ళది వేసి, వెనక 42 పళ్ళది అలాగే ఉంచితే వెనక, ముందు పళ్ళ నిష్పత్తి 3 నుంచి 3.23కి పెరుగుతుంది, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజుకోకుండా పోతుంది. చదును రోడ్డు మీద మాత్రం అదే స్పీడుకి ఇంజిన్ దాదాపు 8 శాతం ఎక్కువ తిరుగుతుంది. మీటరు సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరుంటే స్పీడు కూడా ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది, ముందు చక్రం నుంచి తీసుకునే మీటరుకి తేడా రాదు.

ఇక ఆర్‌సీ సంగతి. అందులో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, రంగు ఉంటాయి గానీ స్ప్రాకెట్ పళ్ళ లెక్క ఉండదు, కాబట్టి ఆ ఒక్క పనికి ఆర్‌సీలో రాయించాల్సింది ఏమీ లేదు. బిల్లు దాచుకోండి చాలు. చిక్కు ఎక్కడంటే, చైన్ సెట్ కోసం బండి విప్పినప్పుడే "పనిలో పనిగా" అని ఇంజిన్ మార్పించడం, రంగు వేయించడం. ఇవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి. అనుమతి లేకుండా చేస్తే 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అందుకే దయచేసి ముందు దరఖాస్తు, తర్వాతే పని.

పరివాహన్ పోర్టల్ (రవాణా శాఖ వెబ్‌సైట్)లో వాహన సేవల్లోకి వెళ్ళి రిజిస్ట్రేషన్ నంబరు, చాసిస్ నంబరు చివరి 5 అంకెలు కొట్టి, మార్పులకి సంబంధించిన సేవ ఎంచుకోవాలి. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఓటీపీ ఆర్‌సీలో ఉన్న ఫోన్ నంబరుకే పోతుంది, సెకండ్‌హ్యాండ్ బండైతే అది పాత ఓనరుది అయి ఉంటుంది. నా బండికీ అదే జరిగింది, ఆయన్ని వెతికి పట్టుకునేసరికి వారం పోయింది. మీరు ముందే మొబైల్ నంబరు అప్‌డేట్ చేయించుకోండి, ఆ టెన్షన్ ఉండదు. ఫీజు పోర్టల్ చూపించినంత అక్కడే కట్టి రసీదు తీసుకోండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, బండి మీద అప్పుంటే ఫైనాన్స్ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు కూడా తీసుకోండి. అనుమతి వచ్చాక పని చేయించి, 14 రోజుల్లోపు ఆర్టీవో ఆఫీసుకి తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూడాలంటే కొత్త ఇంజిన్ బిల్లుతో సహా తీసుకెళ్ళండి.

ఓడీ 10 కోరాపుట్, ఓడీ 18 రాయగడ, ఓడీ 20 గజపతి బండ్లకి ఇంతే. ఏపీ నంబరు బండి ఇక్కడ ఒడిశాలో 12 నెలలు దాటి నడుపుతున్నారా? అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఫారం 27తో ఇక్కడి నంబరు తీసుకోవడం మొదటి పని. అది పూర్తయ్యేదాకా ఇంజిన్ మార్పు జోలికి పోవద్దు, రెండు ఆఫీసుల మధ్య తిరగడంతోనే సరిపోతుంది.

కొత్త ఆర్‌సీ చేతికొచ్చాక ఇంజిన్ నంబరు ఒక్కో అంకె బండి మీదున్న దాంతో సరిచూసి, ఆ కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపండి.