ఆత్మహత్య వల్ల ఆప్తులను కోల్పోయిన ఉద్యోగికి ఆఫీసులో అండగా నిలవడం ఎలా?

ఉద్యోగి ఇంట్లో ఎవరైనా జబ్బుతోనో ప్రమాదంలోనో చనిపోతే ఏం చేయాలో ఆఫీసులో అందరికీ తెలుసు. పలకరించడానికి వెళ్తారు, దినాలకు హాజరవుతారు, తలా కొంత వేసుకుని ఖర్చులకు అందిస్తారు. అదే ఆత్మహత్య అయితే వెళ్లాలా వద్దా అన్న మీమాంసలోనే చాలామంది ఆగిపోతారు, వెళ్లినవారిలోనూ ఒకరిద్దరు “అసలు ఎందుకు చేసుకున్నాడట?” అని ఆరా తీస్తారు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. బ్రిటన్‌లో పరిశోధకురాలు అలెగ్జాండ్రా పిట్‌మన్ బృందం, ఆప్తులను కోల్పోయిన 18 నుంచి 40 ఏళ్ల లోపు వయసున్న 3,432 మందిపై చేసిన అధ్యయనాన్ని 2016లో ప్రచురించింది. ఆప్తులను ఆకస్మిక సహజ మరణాల్లో పోగొట్టుకున్నవారితో పోలిస్తే, ఆత్మహత్య వల్ల పోగొట్టుకున్నవారు తామూ ఆత్మహత్యాయత్నం చేసే అవకాశం 65 శాతం, చదువో ఉద్యోగమో మానేసే అవకాశం 80 శాతం ఎక్కువని అందులో తేలింది. అంతకంటే గమనించదగినది మరొకటుంది: నలుగురూ తమను వేరుగా చూస్తున్నారన్న భావనను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా బాగా తగ్గిపోయింది. అంటే చుట్టూ ఉన్నవారు ఎలా నడుచుకుంటారన్నది ఇక్కడ చాలా ముఖ్యమని అనుకోవచ్చు. ఆ చుట్టూ ఉన్నవారిలో రోజుకు ఎనిమిది గంటలు పక్క సీట్లో కూర్చునే మనమూ ఉన్నాం.

మొదటి రోజు: ఒక్కరే మాట్లాడాలి

కబురు తెలిసిన వెంటనే హెచ్‌ఆర్, మేనేజరు, టీమ్ లీడరు, స్నేహితులు ఎవరికి వారు ఫోన్ చేయకుండా, ఉద్యోగికి దగ్గరగా మెలిగే ఒక్కరికి ఆ బాధ్యత అప్పగించండి. ఆ సమయంలో ఆ కుటుంబం ఇంట్లో కాక ఆసుపత్రి మార్చురీ దగ్గరో పోలీస్ స్టేషన్‌లోనో ఉండవచ్చు. ఆత్మహత్య జరిగితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ కింద పోలీసు విచారణ, పంచనామా జరుగుతాయి, పోస్టుమార్టం అయ్యాక గానీ మృతదేహాన్ని అప్పగించరు. చనిపోయింది పెళ్లయి ఏడేళ్లు నిండని మహిళ అయితే పంచనామాకు తహసీల్దారు కూడా వస్తారు. కాబట్టి ఫోన్ ఎత్తలేదని మళ్లీ మళ్లీ చేయకుండా ఇలా ఒక సందేశం పంపితే చాలు:

“శ్రీనివాస్ గారూ, మీ తమ్ముడి విషయం ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది. ఇక్కడి పనులన్నీ నేను చూసుకుంటాను, మీరు వాటి గురించి ఆలోచించకండి. రేపు సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తాను, ఎత్తలేకపోయినా ఫర్వాలేదు.”

ఇందులో తమ్ముడి ప్రస్తావన ఉంది, బాధ ఉంది, ఒక పని బరువు దించడం ఉంది; ప్రశ్న ఒక్కటీ లేదు. “ముందే ఏమీ అనుమానం రాలేదా?”, “ఉత్తరం ఏమైనా రాశాడా?” అన్న ప్రశ్నలు అప్పుడే కాదు, ఆరు నెలలయ్యాక కూడా అడగదగినవి కావు. ఆ ప్రశ్నలనే ఆ మనిషి రాత్రంతా తనను తాను అడుగుకుంటూ ఉంటాడు.

మిగతా ఉద్యోగులకు ఏం చెప్పాలో కుటుంబాన్నే అడగాలి

మరణకారణం ఆ ఉద్యోగి సొంత విషయం, దాన్ని బయటపెట్టే హక్కు సంస్థకు లేదు. “ఆఫీసులో ఏమని చెప్పమంటారు?” అని నేరుగా అడగండి. కొందరు ఉన్నదున్నట్టు చెప్పమంటారు, ఎందుకంటే తిరిగి వచ్చాక ఒక్కొక్కరికీ వివరించే శ్రమ తప్పుతుంది. కొందరు గుండెపోటని చెప్పమని బతిమాలుతారు. అప్పుడు సంస్థ తరఫున అబద్ధం ప్రకటించనక్కర లేదు, వారి మాట కాదనీ అనక్కర లేదు: “వారి కుటుంబంలో మరణం సంభవించింది, వివరాలు అడగవద్దని కుటుంబం కోరుతోంది” అంటే సరిపోతుంది. ఎవరైనా గుండెపోటట కదా అంటే సరిదిద్దకండి.

టీమ్ వాట్సాప్ గ్రూపును మాత్రం వదిలేయవద్దు. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త ముక్కను, యూట్యూబ్ చానెల్ లింకును ఎవరో ఒకరు అందులో పెట్టడానికి గంట కూడా పట్టదు, ఆ గ్రూపులో బాధితుడూ ఉంటాడన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుండదు. అడ్మిన్ ముందుగానే, మర్యాదగానే, అలాంటివి పంచుకోవద్దని రాయాలి.

సెలవు, కాగితాలు

ప్రైవేటు ఉద్యోగులకు ఆప్తుల మరణానికి ప్రత్యేక సెలవు ఇవ్వాలని మన దేశంలో చట్టమేదీ నిర్బంధించదు, అంతా సంస్థ దయ మీద ఆధారపడి ఉంటుంది. చాలా పాలసీల్లో కనిపించే మూడు రోజుల సెలవును రాసినవారు దినాలు లెక్కపెట్టినట్టు లేరు. పెద్ద కర్మ పూర్తయ్యేసరికే పదకొండు నుంచి పదమూడు రోజులు పడుతుంది. భర్తను కోల్పోయిన ముస్లిం ఉద్యోగిని ఇద్దత్ (భర్త మరణానంతరం పాటించే నియమకాలం) పాటిస్తే 4 నెలల 10 రోజులు ఇంటిపట్టునే ఉండవలసి వస్తుంది, వీలున్న పని అయితే ఇంటి నుంచి చేయనివ్వడమే మేలు.

ఆ తరువాత కూడా సగం రోజు సెలవులు తప్పవు. పోలీసులు మళ్లీ వాంగ్మూలానికి పిలుస్తారు. పోస్టుమార్టం నివేదిక, ఫోరెన్సిక్ నివేదిక, మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, వీటన్నిటికీ నెలల తరబడి తిరగాలి. ప్రతిసారీ కారణం రాయించుకోకుండా ముందే ఒక అనుమతి ఇచ్చేయండి.

హెచ్‌ఆర్ విభాగం నిజంగా పనికొచ్చే చోటు ఇదే. ఆత్మహత్య అయితే బీమా రాదని బంధువులు చెప్పేమాట నమ్మి క్లెయిమే పెట్టని కుటుంబాలు ఉంటాయి. జీవిత బీమాలో ఆత్మహత్య మినహాయింపు సాధారణంగా పాలసీ మొదలైన లేదా పునరుద్ధరించిన తేదీ నుంచి మొదటి 12 నెలలకే పరిమితం. చనిపోయినవారు పీఎఫ్ ఖాతాదారులై ఉద్యోగంలో ఉండగా మరణిస్తే, కారణంతో సంబంధం లేకుండా ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు వచ్చే బీమా పథకం) కింద నామినీకి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా అందుతుంది. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిబంధన కూడా మరణం విషయంలో వర్తించదు. ఈ సంగతులు చెప్పి, ఫారాలు నింపడంలో పక్కన కూర్చోండి.

తిరిగి వచ్చిన రోజు

ముందు రోజే ఫోన్ చేసి, ఎన్ని గంటలకు వస్తారో, అందరూ వచ్చి పలకరించడం ఇష్టమో కాదో కనుక్కోండి. వచ్చాక పక్కవారు “మీ తమ్ముడి విషయం విని బాధపడ్డాను” అని ఒక్క మాట అని పనిలో పడితే చాలు. ఏమీ జరగనట్టు నటించడం, ఆయన రాగానే క్యాంటీన్ బల్ల దగ్గర కబుర్లు ఆగిపోవడం, ఈ రెండూ మనిషిని వెలివేసినట్టే ఉంటాయి. “పిరికివాడు చేసే పని”, “పిల్లల మొహమైనా చూడలేదు” వంటి తీర్పులు, “దేవుడు రాసిపెట్టాడు” వంటి ఓదార్పులు రెండూ వద్దు.

పని విషయంలో మొదటి వారాల్లో ఏకాగ్రత కుదరదు, మతిమరుపు ఎక్కువవుతుంది. రాత్రి షిఫ్టులు, యంత్రాల మీద పని, కోపంగా మాట్లాడే కస్టమర్ల కాల్స్ కొంతకాలం తప్పించండి, కానీ అడగకుండా బాధ్యతలన్నీ లాగేసుకోకండి. కొందరికి ఆ పనే ఊపిరి తిప్పుకునే చోటు. రెండు వారాలకోసారి తలుపు మూసి పది నిమిషాలు మాట్లాడి, ఏ పని కుదురుతోందో ఏది కుదరడం లేదో వారి నోటనే వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

ప్రమాద సూచనలు

నేనే కారణమన్న మాట పదేపదే రావడం, తాగుడు పెరగడం, ఉన్నట్టుండి అప్పులూ నామినీలూ సర్దడం, “నేనూ వెళ్లిపోతే బాగుండు” అనడం తేలికగా తీసుకోవద్దు. “మీకు చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?” అని సూటిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వారి అనుమతితో ఇంట్లోవారికి చెప్పండి, ప్రాణాపాయం ఉందనిపిస్తే అనుమతి కోసం ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా పనిచేస్తుంది. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

నెలలు గడిచాక

పలకరింపులు ఆగిపోయాకే బరువు పెరుగుతుంది. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది గనుక క్యాలెండరు తేదీతో కలవదు. రెండూ అడిగి రాసుకుని, ఆ రెండు రోజులూ ముఖ్యమైన మీటింగులు లేకుండా చూడండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఇంటర్ ఫలితాల రోజు వార్తలు, ఆఫీసులో పంచే స్వీట్లు తట్టుకోలేనివి కావచ్చు, ఆ రోజు సెలవు పెట్టుకోమని మీరే అనండి. గ్రూప్ ఆరోగ్య బీమా రెన్యువల్ మెయిల్‌లో చనిపోయిన భర్త పేరుతో కొత్త కార్డు రావడం, అత్యవసర కాంటాక్టుగా ఇంకా ఆయన నంబరే ఉండటం జరుగుతూనే ఉంటాయి. రికార్డుల్లో ఆ పేరున్న చోట్లన్నీ, ఉద్యోగితో ఒక్కసారి మాట్లాడి, హెచ్‌ఆర్ సరిచేయాలి.

చనిపోయింది సహోద్యోగే అయితే పైవన్నీ టీమ్ మొత్తానికి వర్తిస్తాయి. అదనంగా, చనిపోయిన విధానాన్ని ఎక్కడా వివరించకూడదు, సీటును తెల్లారేసరికి ఖాళీ చేసి మరొకరికి కేటాయించకూడదు, వస్తువులను కొరియర్‌లో కాకుండా ఒక సీనియరు స్వయంగా ఇంటికి తీసుకెళ్లి అప్పగించాలి. పని ఒత్తిడే కారణమని కుటుంబం ఆరోపిస్తుంటే లాయరు సలహా తీసుకోవడం సంస్థ హక్కు. పరామర్శకు వెళ్లవద్దని ఆ టీమ్‌ను ఆపడం మాత్రం తప్పు.