ఇంట్లో చూసిన సినిమా గురించి రాద్దాం – 3వ పాఠం: చెయ్యి ఆగిన చోటు

పోయిన వారం మీ చేత ‘బాగుంది’, ‘బోర్’ అనే రెండు మాటలూ మాన్పించాను. అవి తీసేస్తే కాగితం మీద ఇంకేమీ మిగల్లేదని కొందరికి అనిపించి ఉంటుంది. నాకూ మొదట్లో అంతే.

థియేటర్లో సినిమా మనల్ని లాక్కుపోతుంది. ఇంట్లో రిమోట్ మన చేతిలోనే ఉంటుంది. ఎక్కడ ఆపాం, ఎక్కడ వెనక్కి తిప్పాం, ఎక్కడ ఫోన్ తీశాం అన్నవి చూసుకుంటే మన అసలు అభిప్రాయం బయటపడుతుంది. పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ‘48వ నిమిషం, ఫోన్ తీశాను’ అని రాస్తే చాలు. కుక్కర్ విజిల్‌కి లేచి వెళ్తే రాయక్కర్లేదు. విజిల్ వచ్చినా లేవలేదంటే మాత్రం తప్పకుండా రాయాలి.

నా కాగితమే చూడండి. మొన్న ఆదివారం విజయనగరంలో మా ఇంట్లో 1955 నాటి ‘కన్యాశుల్కం’ పెట్టాం. ‘మధురవాణిగా సావిత్రి నటన అద్భుతం’ అని మొదలుపెట్టాను. సినిమా చూడనివాళ్లు కూడా రాయగల వాక్యం అది. కొట్టేసి కాగితం తీశాను. ‘అమ్మ చిక్కుడుకాయలు వలవడం ఆపింది’ అని ఉంది. సావిత్రి మాట్లాడినంతసేపూ సగం ఈనె తీసిన కాయ అమ్మ వేళ్ల మధ్యే ఉండిపోయింది. గిరీశంగా రామారావు వచ్చేసరికి చేతులు మళ్లీ చకచకా కదిలాయి. అదేమని అడిగితే, “ఆడి కబుర్లు ఇంటే సాలు, సూడక్కర్నేదు. ఆ పిల్లని సూడాల” అంది. నా పేరా అక్కడి నుంచి మొదలైంది.

నా సంగతి వేరు. గురజాడ నాటకంలో మొదటి రంగం మా ఊరి బొంకులదిబ్బ దగ్గరే. సినిమా నడుస్తున్నంతసేపూ నా కళ్లు దాన్నే వెతికాయి, కథ కొంత జారిపోయింది. అదీ రాశాను. తప్పు సినిమాదో నా చూపుదో చదివేవాళ్లకి తెలియాలి కదా.

‘పలాస 1978’ (2020) పెట్టినప్పుడు శ్రీకాకుళం పిన్ని ఒక మాట కోసం మూడుసార్లు వెనక్కి తిప్పించింది. “మనోళ్ల మాటే గానీ, కూసింత సినిమా కలిపీసినారు” అంది. యాస గురించి నేను రాసిన రెండు పేజీలూ ఆ మాట ముందు తేలిపోయాయి.

ఈ వారం పని: ఒక సినిమా, కాగితం మీద మూడు టైములు, పది వాక్యాలు. వాటిలో ఒకటి మీ ఇంట్లోవాళ్లు అన్నది అన్నట్టే ఉండాలి. ‘నేదు’ని ‘లేదు’ అని దిద్దకండి. కథ ఎంతవరకు చెప్పొచ్చో 4వ పాఠంలో చూద్దాం.